టీ మంచిదే, టిఫిన్ పక్కన కాదు

తుప్పు పట్టిన మేకు ఒకటి తీసుకుని, పాలూ పంచదారా పడని డికాషన్‌లో వేసి రాత్రంతా వదిలెయ్యండి. తెల్లారి చూస్తే ఎర్రగా ఉండాల్సిన డికాషన్ నల్లబడి ఉంటుంది. భయపడక్కర్లేదు, టీ పొడిలో కల్తీ ఏమీ లేదు. కరక్కాయల కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసుకున్న కాలంలో మన పెద్దవాళ్ళు చేసింది కూడా ఇదే. కరక్కాయలో ఉన్నవి టానిన్లు, అన్నభేదిలో ఉన్నది ఇనుము. రెండూ కలిస్తే నలుపు. టీలో కూడా ఆ జాతి పదార్థాలే ఉంటాయి. వాటన్నిటినీ కలిపి పాలీఫినాల్స్ అంటారు.

వీటికి ఉన్న గుణం ఒక్కటే: దొరికినదాన్ని పట్టుకోవడం. ఉత్త డికాషన్ ఒక గుక్క తాగితే నాలుక బిగుసుకుపోయినట్టు వగరుగా ఉంటుంది కదా, అది లాలాజలంలోని ప్రొటీన్లను ఇవి పట్టుకోవడం వల్ల వచ్చేదే. నోటిలో జారుడుతనం పోయి గరుకు మిగులుతుంది. పాలు పోస్తే ఆ వగరు ఎందుకు తగ్గుతుంది? పాలలో కేసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. టానిన్లలో కొన్ని దానితో ముడిపడిపోతాయి, నాలుక దాకా వచ్చేవి తగ్గుతాయి. టీ బడ్డీ దగ్గర నిలబడి చూడండి. నల్లగా మరుగుతున్న డికాషన్‌లో పాలు పడగానే రంగు మారడం కంటికి కనిపిస్తుంది, రుచి మారడం నాలుకకు తెలుస్తుంది. వెనక జరుగుతున్న రసాయన చర్య మాత్రం ఎవరికీ పట్టదు. పట్టాల్సిన అవసరం కూడా లేదు, టీ బాగుంటే చాలు.

కానీ ఈ పట్టుకునే గుణం కడుపులోకి వెళ్ళాక కూడా ఆగదు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ సంగతే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, ఆ నేరమంతా టీ మీద వేస్తే అన్యాయం. అయితే మన ఇళ్ళలో పొద్దుటి పూట ఏం జరుగుతుందో చూడండి. శ్రీకాకుళం అయినా విజయనగరం అయినా, పల్లె అయినా టౌన్ అయినా, ఇంటి ఇల్లాలు లేవగానే టీ పెడుతుంది. అందరికీ ఇచ్చాక తను తాగుతుంది. పనులన్నీ అయ్యాక తొమ్మిదికో పదికో ఇంత ఉప్మా తిని, మళ్ళీ పక్కనే ఇంకో గ్లాసు. మధ్యాహ్నం అన్నంలో పప్పూ తోటకూరా తిని, చెయ్యి కడుక్కోగానే ఇంకొకటి. ఆకుకూరలోనూ పప్పులోనూ ఉన్న ఇనుము అసలే ఒంటికి అంత సులువుగా పట్టే రకం కాదు. చేపల్లో, మాంసంలో ఉండే ఇనుములో కొంత భాగం వేరే రూపంలో ఉంటుంది, టీ దాన్ని పెద్దగా ఏమీ చెయ్యలేదు. మొక్కల నుంచి వచ్చే ఇనుమును మాత్రం పేగుల్లోనే పట్టేసుకుంటుంది. పట్టుకున్న ఇనుము రక్తంలోకి ఎక్కదు, వచ్చిన దారినే బయటికి పోతుంది.

ఎంత పోతుంది? 1983లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో మాంసం ఉన్న భోజనంతో పాటు టీ తాగినా, అందులోని ఈ సులువుగా పట్టని రకం ఇనుము ఒంటికి పట్టడం 64 శాతం తగ్గింది. అదే కాఫీతో 39 శాతం. ఈ విషయంలో కాఫీ కన్నా టీయే ఘటికురాలు. అదృష్టం కొద్దీ దీనికి విరుగుడు తేలిక. ఇంగ్లండులో ఆరోగ్యవంతులైన మహిళల మీద చేసిన ఒక చిన్న అధ్యయనం 2017లో వచ్చింది. తిన్న వెంటనే కాకుండా గంట ఆగి టీ తాగితే నష్టం సగానికి తగ్గిందని అందులో తేలింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ఈ మాటే ఉంది: భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దు. అన్నంలో నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయ పచ్చడి కలుపుకున్నా విటమిన్ సి ఇనుముకు తోడై లోపలికి వెళ్ళనిస్తుంది. నిమ్మకాయ టీ తాగే అలవాటున్నవాళ్ళు ఇక్కడ కాస్త లాభపడతారు.

గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రల సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. వాటిలో ఉన్నది ఫెర్రస్ సల్ఫేట్, అంటే అన్నభేదే. అది వేసుకుంటే వికారంగా ఉంటుందని చాలామంది టీతో మింగేస్తారు. అంటే కడుపులో సిరా తయారు చేసుకోవడమే. పదేళ్ళు దాటిన బడిపిల్లలకు వారానికి ఒకసారి ఇచ్చే నీలం మాత్రకూ ఇదే వర్తిస్తుంది. "మాత్ర నీళ్ళతో వేసుకోమ్మా, టీ తర్వాత తాగుదువుగాని" అని ఆశా కార్యకర్త ఒక్క మాట చెబితే చాలు, అదనంగా పైసా ఖర్చు లేకుండా ఆ మాత్ర పని చేస్తుంది.

టీ మన దేశంలో సామాన్యుల ఇళ్ళలోకి వచ్చింది గత శతాబ్దంలోనే. 1930ల్లో టీ వ్యాపారుల తరఫున ప్రచార సంస్థలు పని కట్టుకుని జనానికి టీ కాచి రుచి చూపించి మరీ అలవాటు చేశాయి. అదే దశకంలో అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చింది. ఆకును నలిపి, చించి, గుండ్రటి రేణువులుగా చుట్టేస్తుంది. చిటికెడు పొడికే చిక్కటి రంగు దిగుతుంది కాబట్టి పాలు పోసి కాచే మన టీకి సరిగ్గా సరిపోయింది. అంతకు ముందు మన వైపు పొద్దున్నే కడుపులో పడేది చద్దన్నమో, చోడి (రాగి) అంబలో. చోళ్ళలో కాల్షియం దండిగా ఉంటుంది, అంబలి ఆకలి తీరుస్తుంది. టీ ఆకలి తీర్చదు, కాసేపు మరిపిస్తుంది. పొలానికి వెళ్ళే మనిషి అంబలికి బదులు రెండు టీలతో మధ్యాహ్నం దాకా లాగించేస్తున్నాడంటే అక్కడ తప్పు టీది కాదు, అది వచ్చి కూర్చున్న చోటుది.

ఇంత చెప్పాక టీ మానెయ్యమంటాడేమో అనుకోకండి. బ్రిటన్‌లో దాదాపు 5 లక్షల మందిని సుమారు పదకొండేళ్ళు గమనించిన అధ్యయనం 2022లో వచ్చింది. రోజుకు రెండు కప్పులు, అంతకు మించి బ్లాక్ టీ తాగేవాళ్ళలో మరణాల ముప్పు తాగనివాళ్ళకన్నా 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. పాలు పోసుకున్నా పంచదార వేసుకున్నా తేడా పెద్దగా లేదు. ఇలాంటి అధ్యయనాలు టీయే ఆయుష్షు పెంచిందని రుజువు చెయ్యలేవు. టీ తాగేవాళ్ళ మిగతా అలవాట్లు కూడా వేరేగా ఉండొచ్చు. పైగా వాళ్ళు తాగేది వేడినీళ్ళలో నాలుగు నిమిషాలు నానబెట్టిన టీ, చివర చెంచాడు పాలు. మనది సగం పాలతో మరిగే టీ. 2007లో బెర్లిన్ పరిశోధకులు చేసిన ఒక చిన్న ప్రయోగంలో ఉత్త బ్లాక్ టీ తాగినప్పుడు రక్తనాళాలు బాగా సాగాయి, పాలు కలిపితే ఆ ప్రయోజనం కనిపించలేదు. ఈ రెండింటి మధ్యా తీర్పు ఇంకా తేలలేదు. రక్తపోటు ఒకటి రెండు పాయింట్లు తగ్గడం లాంటి చిన్న మేళ్ళు ఉన్నాయన్నంత వరకు నమ్మొచ్చు.

గ్రీన్ టీ వేరే మొక్క కాదు. అదే తేయాకును కోసిన వెంటనే వేడి చేసి లోపలి ఎంజైములను ఆపేస్తారు కాబట్టి పచ్చగా మిగులుతుంది. ఆపకుండా గాలికి వదిలితే ఎర్రబడి మన టీ అవుతుంది. గ్రీన్ టీ తాగితే పొట్ట కరుగుతుందని ఇష్టం లేకపోయినా ముక్కు మూసుకుని తాగేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. దానితో తగ్గే బరువు చాలా స్వల్పం. రుచి నచ్చితే తాగండి, లేకపోతే మీ అల్లం టీని వదులుకోకండి.

ఇక పంచదార. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ కూడలి, ఏడు రోడ్ల కూడలి లాంటి చోట్ల మనం టీ తాగేది దాహం వేసి కాదు. ఎవరో కనిపిస్తారు, "రా బావా, టీ తాగుదాం" అంటారు, కాదనలేం. ఆఫీసులో పని ముగిస్తే ఒకటి, మొదలుపెడితే ఒకటి. చిన్న గ్లాసుకు రెండు చెంచాలు చొప్పున ఆరు టీలు అయ్యేసరికి 50 గ్రాముల పైన పంచదార లోపలికి వెళ్ళిపోతుంది. అదనపు చక్కెర రోజుకు 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే స్వీటు ముక్క ముట్టకుండానే మన కోటా అయిపోయింది. స్నేహితుడి టీ కాదనమని చెప్పే ధైర్యం నాకు లేదు, ఆ పది నిమిషాల కబుర్లలో ఉన్న సుఖం ఏ మాత్రలోనూ లేదు. "పంచదార తక్కువ వెయ్యి నాయినా" అని మాత్రం చెప్పొచ్చు. వారం పది రోజులు చప్పగా అనిపిస్తుంది, తర్వాత పాత తీపే వెగటు పుడుతుంది.

బెల్లం టీ బోర్డులు ఇప్పుడు రోడ్డు పక్కన ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. రుచిలో నాకూ ఇష్టమే, కానీ బెల్లంలో ఎక్కువ భాగం పంచదారే. ఇనుము ఉంటుంది కదా అంటారు. ఉన్న ఆ కాస్తనూ పక్కనున్న టానిన్లు ఊరికే వదలవు. ఇంట్లో చేసుకునేవాళ్ళు బెల్లాన్ని మరిగే పాలలో వెయ్యకండి, విరిగిపోతాయి. పొయ్యి దించాక కలపండి.

వేడి గురించి కూడా ఒక మాట. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో తేల్చింది. ఇరాన్‌లోని గొలెస్తాన్‌లో 50 వేల మందిని గమనించి 2019లో ప్రచురించిన ఫలితాలు కూడా అదే దారిలో ఉన్నాయి. పెనంలా కాలే గ్లాసును నాలుగు గుక్కల్లో ఖాళీ చేసి పరుగెత్తడం గొప్ప కాదు. పాతకాలం వాళ్ళు సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగితే నవ్వుతాం గానీ, వెడల్పాటి సాసర్లో టీ ఇట్టే చల్లారుతుంది. బడ్డీ మాస్టరు రెండు గిన్నెల మధ్య ఎత్తి పోసి నురగ తెప్పించినా అదే లాభం.

ఉద్దానం వైపు వెళితే టీ మాట రాగానే కిడ్నీ మాట వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో అసలు కారణం ఇంకా తేలలేదు. టీ వల్లే అని చూపించినవాళ్ళు లేరు. టీ ఒంట్లో నీరు లాగేస్తుందన్నది కూడా అంత నిజం కాదు, మామూలు మోతాదులో తాగితే అందులోని నీరు దాదాపు నీటి లెక్కలోకే వస్తుంది. అయినా ఎండలో కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పని చేసేవాళ్ళు దాహానికి టీతో సరిపెట్టుకోకూడదు. చెమట పోయినంత నీళ్ళు తాగడానికి గుక్కెడు గ్లాసు చాలదు. జబ్బు ముదిరి నీళ్ళు కొలిచి తాగమని డాక్టరు చెప్పినవాళ్ళకు మాత్రం ప్రతి టీ ఆ కొలతలో కలుస్తుంది. పాలలో ఫాస్ఫరస్ ఉంటుంది, దాని మీద కూడా డాక్టరును అడగాలి.

మిగిలింది నిద్ర. పొద్దంతా మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది, అదే నిద్ర తెప్పిస్తుంది. టీలో ఉండే కెఫీన్, ఆ అడెనోసిన్ కూర్చోవాల్సిన చోట తను కూర్చుంటుంది. నిద్ర తీరదు, రావడం ఆలస్యమవుతుంది, అంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, నెలలు నిండిన గర్భిణిలో అంతకు రెండు మూడు రెట్లు. సాయంత్రం ఏడింటికి టీ తాగి రాత్రి పన్నెండు దాకా దొర్లేవాళ్ళు టెన్షన్‌ను తిట్టుకునే ముందు ఆ గ్లాసును గుర్తు చేసుకోవచ్చు. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు చేసేవాళ్ళు షిఫ్టు మొదట్లో తాగితే మేలు, దిగే ముందు తాగితే పగటి నిద్ర పోతుంది.

2022 దాకా విజయనగరం జిల్లాలో ఉన్న సాలూరు లారీలకు పేరు. అక్కడి నుంచి ఒడిశా ఘాట్ ఎక్కే డ్రైవర్లకు పనికొచ్చే చిట్కా ఒకటుంది. కెఫీన్ పని మొదలుపెట్టడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. 1990ల్లో ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో నిద్ర చాలని డ్రైవర్లను సిమ్యులేటర్‌లో, అంటే రోడ్డు మీద నడుపుతున్నట్టే అనిపించే ఉత్తుత్తి కారులో, కూర్చోబెట్టి పరీక్షించారు. కెఫీన్ తీసుకుని వెంటనే పావుగంట కునుకు తీసినవాళ్ళు, కెఫీన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళకన్నా బాగా నడిపారు. కునుకు కొంత అడెనోసిన్‌ను కరిగిస్తుంది, లేచేసరికి టీ పని చెయ్యడం మొదలుపెడుతుంది. కాబట్టి కళ్ళు మూతలు పడుతుంటే లారీ పక్కన ఆపి, స్ట్రాంగ్ టీ ఒకటి తాగి, సీటు మీదే పావుగంట నడుం వాల్చాలి. టీ తాగాక పడుకోవడమేంటి గురువా అని క్లీనర్ నవ్వితే నవ్వనివ్వండి, లేపే పని అతనికే అప్పజెప్పండి.