ఈ గొంతు ఎవరిది, ఈ పాట ఎవరిది

హన్మకొండ

పిల్లలూ,

రాత్రి అన్నాల వేళకు రోజూ టీవీలో కనిపించే సీరియల్ అక్క ఇప్పుడు పాట పాడి యూట్యూబ్‌లో పెట్టిందని మీరంతా ఒకటే అడుగుతున్నారు: “ఆమెనే పాడిందా, మిషిన్ పాడిందా?” అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటే మీకు దక్కేది ఏమీ ఉండదు. అట్లాంటి పాట ఎట్లా తయారవుతుందో తెలిస్తే మీ చెవులే మీకు జవాబు చెబుతాయి. ఉత్తరం కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

ముందు ఒక సంగతి. మీరు రోజూ వినే ఆ గొంతు చాలాసార్లు ఆ అక్కది కాదు. మన సీరియళ్ల హీరోయిన్లలో కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. సెట్టులో ప్రాంప్టర్ అందించిన మాటలు వాళ్లు పలుకుతారు. తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో ఇంకో ఆర్టిస్టు ఆ పెదవుల కదలికకు సరిపోయేట్టు మాట చెబుతుంది. అందుకే పాట విన్నరోజు ‘గొంతు వేరేగా ఉందేంటి’ అనిపిస్తుంది. అది మోసం కాదు, ఆమె అసలు గొంతు మీరు వినడం అదే మొదటిసారి కావచ్చు. కొత్త గాయని అయితే ఆమె గొంతు ఇట్లా ఉండాలని ఎవరూ ముందే అనుకోరు. ఈ అక్క ముఖానికి మాత్రం జనం మనసులో ఒక గొంతు ఇప్పటికే అతికి ఉంటుంది. దాన్ని ఊడదీసి తన గొంతు పెట్టుకోవాలి. కాబట్టి ఆమె పని కొత్తవాళ్ల పని కంటే కష్టం.

ఈ దారిలో ప్రపంచమంతా చెప్పుకునే పేరు ఆస్ట్రేలియా అమ్మాయి కైలీ మినోగ్‌ది. 1986లో ‘నైబర్స్’ అనే సీరియల్‌లో చార్లీన్ అనే గ్యారేజీ మెకానిక్ పాత్రలో చేరింది. ఆ సీరియల్ నటులంతా ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు సాయంగా చేసిన కార్యక్రమంలో పాడితే, అక్కడి నుంచి రికార్డు కంపెనీ దాకా వెళ్లింది. 1987లో మొదటి పాట ఆస్ట్రేలియాలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అది కొత్త పాట కాదని గమనించండి. 1962లోనే అమెరికాలో లిటిల్ ఈవా పాడగా అందరి నోళ్లలో నానిన పాట. తర్వాత లండన్ వెళ్లి స్టాక్, ఐట్కెన్, వాటర్‌మన్ అనే ముగ్గురు పాటల నిర్మాతల దగ్గర పాడిన పాట 1988లో బ్రిటన్‌లో ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. అదే ఏడాది సీరియల్ వదిలేసింది. 2004లో ఒకసారి, 2024లో ఇంకోసారి గ్రామీ అనే పెద్ద సంగీత పురస్కారం అందుకుంది. సీరియల్ పేరు మొదటి పాట వినిపిస్తుంది. ముప్పై ఆరేళ్లు నిలబెట్టింది మాత్రం ఆ పేరు కాదు. ఇంకొకటి, ఆమె సీరియల్‌లో తన సొంత గొంతుతోనే మాట్లాడింది. మన అక్కకు ఆ సౌకర్యం లేదు.

మన దగ్గర కూడా మొదటి పాటకు జనానికి అలవాటైన బాణీనే ఎంచుకుంటారు. వరంగల్ వైపు అయితే జానపదం, బతుకమ్మ పాట, లేదంటే డప్పు దరువు మీద కొత్తగా రాసిన పెళ్లిపాట. ఇక్కడే అసలు తగువు మొదలవుతుంది: పాట ఎవరిది? తరాల నుంచి ఊళ్లో పాడుకునే పాట మీద ఎవరికీ కాపీరైటు ఉండదు. కానీ ఆ పాటను ఎవరో రికార్డు చేసి పెడితే ఆ రికార్డింగ్ మీద వాళ్లకు 60 ఏళ్ల హక్కు ఉంటుంది. అందులో ఒక ముక్క తీసి వాడుకుంటే యూట్యూబ్ దాన్ని పట్టేస్తుంది. వచ్చే డబ్బు అటు పోతుంది, లేదా వీడియోనే ఆగిపోతుంది. కొత్త చరణం రాసిన కవి ఉంటే ఆయన బతికినన్నాళ్లూ, ఆయన పోయాక 60 ఏళ్లూ ఆ చరణం ఆయనది, ఆయన వారసులది. పాడినవాళ్లకు కూడా తమ గానం మీద 50 ఏళ్ల హక్కు ఉంది.

1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించారు. అప్పటి నుంచి పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటాను ఒప్పందంలో వదులుకున్నామని సంతకం పెట్టినా ఆ వదులుకోవడం చెల్లదు. ఈ సంగతి ఊళ్లలో రాసేవాళ్లలో చాలామందికి తెలియదు. ఐదువేలో పదివేలో చేతిలో పెడితే కథ అయిపోయిందనుకుంటారు. పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ అనే సంస్థ 1969లో ఏర్పడింది. వాళ్లు అందులో సభ్యులుగా చేరితే, పాట వాడిన చోట్ల నుంచి వాటా ఆ సంస్థ ద్వారా వాళ్లకు చేరుతుంది. పాటను వ్యవసాయ కూలీ అయిన ముసలవ్వ నోట విని నేర్చుకున్నప్పుడు చట్టం అడగకపోయినా ఆమె పేరు, ఊరు పేరు వీడియో కింద రాయాలి, డబ్బులో భాగం ఇవ్వాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక గొంతు సంగతి. సీరియల్ షూటింగ్ అంటే రోజుకు పది పన్నెండు గంటలు. ఏడుపు సీన్లు, అరుపుల సీన్లు ఎక్కువ. గొంతులో రెండు చిన్న మడతలు ఉంటాయి, ఆడవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు అవి సెకనుకు దాదాపు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. అరిచినప్పుడు గట్టిగా కొట్టుకుని వాస్తాయి. వాచిన మడతలతో పై స్వరం పాడితే గొంతు చీలుతుంది. రోజూ అదే జరిగితే కాయలు కడతాయి. అందుకని ఏడుపు సీన్ చేసిన సాయంత్రం రికార్డింగ్ పెట్టుకోవద్దు. కనీసం ఒక రోజు ఖాళీ కావాలి. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు, అదీ తప్పే. అసలు మాట్లాడకపోవడమే విశ్రాంతి. మాటిమాటికీ గొంతు సకిలించకూడదు, గుక్కెడు నీళ్లు తాగి మింగాలి.

సాధన ఇట్లా. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా రెండు వేళ్ల మందం మునిగేట్టు పెట్టి, ‘ఊఁ’ అని పలుకుతూ ఊదాలి. బుడగలు ఒకే తీరుగా రావాలి. ఆగి ఆగి వచ్చాయంటే ఊపిరి తెగుతున్నట్టు. ఐదు నిమిషాలు చాలు. తర్వాత నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ‘స్‌స్’ అని సన్నగా వదలాలి. మొదట్లో 12 సెకన్లకే అయిపోతుంది, వారాల మీద 25 దాకా వస్తుంది. భుజాలు పైకి లేస్తే ఊపిరి పైపైనే ఉన్నట్టు. పక్కటెముకలు పక్కకు విచ్చుకోవాలి. ఆ తర్వాత తంబురా పెట్టుకుని సా పా సా నిలపడం. ఇదంతా చేసి ఆరు నెలలు ఆగి పాట మొదలుపెట్టిన నటికీ, ఆరు రోజుల్లో పాడేసిన నటికీ తేడా మొదటి చరణంలోనే తెలుస్తుంది.

శ్రుతి ముందే తేల్చుకోవాలి. ఆడవాళ్లకు సాధారణంగా ఐదు, ఐదున్నర అంటారు. ఐదు అంటే కీబోర్డు మీద ‘జి’. కానీ పల్లవి పాడి శ్రుతి ఖాయం చేస్తే దెబ్బతింటారు. పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే లైను ఏదో చూసి, దాన్ని వరసగా ఐదుసార్లు పాడించాలి. ఐదోసారి కూడా మెడ నరాలు బిగియకుండా వస్తేనే ఆ శ్రుతి. ట్రాక్ మొత్తం వాయించాక శ్రుతి మారిస్తే డోలక్, డప్పు శబ్దం రబ్బరులా సాగిపోతుంది. అప్పుడు మళ్లీ వాయించడమే గతి, ఖర్చు రెండింతలు.

పలుకుబడి మరీ పెద్ద పని. మన పాటలో ‘వస్తున్నడు’ అని ఉంటే, పుస్తకాల తెలుగు నేర్చుకుని వచ్చిన అమ్మాయి ‘వస్తున్నాడు’ అని పాడుతుంది. అర్థం చెడదు, తాళం చెడుతుంది. పొట్టి అక్షరం పొడుగైతే ఒక మాత్ర, అంటే పొట్టి అక్షరం పలికేంత సమయం, పెరిగి తర్వాతి మాట దరువు దాటి పడుతుంది. ‘కళ్ళు’ను ‘కల్లు’ అంటే మాత్రం అర్థం కూడా పోతుంది. అందుకే స్టూడియోలో సంగీతం చేసేవాళ్లతో పాటు ఈ మాట మాట్లాడే మనిషి ఒకరు కూర్చోవాలి. వాళ్లు మొదట పాట అంతా మాటలాగా చదివించాలి, తర్వాత చప్పట్లు కొడుతూ చదివించాలి, అప్పుడు రాగం. మూడు రోజులు ఇట్లా చేస్తే రికార్డింగ్ ఒక పూటలో అయిపోతుంది.

స్టూడియోలో మైకుకు జానెడు దూరంలో నిలబడాలి. మధ్యలో జల్లెడలాంటి పాప్ ఫిల్టర్ ఉంటుంది, ‘ప, బ, భ’ అన్నప్పుడు వచ్చే గాలి మైకును కొట్టకుండా. హెడ్‌ఫోన్‌లో ట్రాక్ మరీ గట్టిగా పెట్టుకుంటే, అరిచి పాడి శ్రుతి పైకి పోతుంది. పైగా ఆ శబ్దం మైకులోకి కారుతుంది. ఒక్కో లైను మూడు నుంచి ఐదుసార్లు పాడించి, ఒక దాంట్లోంచి మొదటి సగం, ఇంకో దాంట్లోంచి రెండో సగం తీసి అతుకుతారు. ఎంత పెద్ద గాయనికైనా ఇదే పద్ధతి, ఇందులో తప్పు పట్టాల్సింది లేదు.

ఇప్పుడు మీరు అడిగిన మిషిన్ సంగతి. ఆటో ట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ 1997లో వచ్చింది. స్వరానికీ స్వరానికీ మధ్య అన్నిటికంటే చిన్న మెట్టును 100 సెంట్లుగా లెక్కిస్తారు. పాడినప్పుడు 20, 30 సెంట్లు అటూ ఇటూ అయితే సాఫ్ట్‌వేర్ నెమ్మదిగా జరిపి సరిచేస్తుంది, మన చెవికి తెలియదు. సగం మెట్టు తప్పితే ఆమె ఏ స్వరం అనుకుని పాడిందో సాఫ్ట్‌వేర్‌కు తెలియక పక్క స్వరానికి లాగుతుంది. వేగంగా సరిచేయమంటే స్వరాల మధ్య జారుడు పోయి గొంతు రేకు డబ్బాలా మోగుతుంది. కొందరు కావాలనే అట్లా పెడతారు, అది వేరు. జానపదంలో లైను చివర గొంతు జారడమే అందం, దాన్ని చెరిపేస్తే పాట చచ్చిపోతుంది. ఇక మిషిన్ చేయలేనివి మూడు: తెగిన ఊపిరిని అతకలేదు, పలుకును మార్చలేదు, లేని భావాన్ని పెట్టలేదు. భావం దగ్గర మాత్రం నటికి మేలు ఉంది. ఒక మాటను నవ్వుతూ అనాలా, గొంతు పట్టేసినట్టు అనాలా అన్నది ఆమెకు ఇంకొకరు నేర్పక్కర్లేదు.

గొంతునూ వాయిద్యాలనూ కలిపే పని, అదే మిక్సింగ్, దాని గురించి ఒక్క మాట. గట్టిగా మోగితేనే హిట్టు అని, మెల్లని శబ్దాలనూ గట్టివాటి స్థాయికి లేపుతూ ట్రాక్‌ను పిండి పిండి పెడతారు. పాట ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే కొలత ఎల్‌యూఎఫ్‌ఎస్. అది మైనస్ 14 దాటిన పాటను యూట్యూబ్ తనే తగ్గించి వినిపిస్తుంది. అంత పిండిన పాటలో డప్పు దెబ్బ చప్పబడడం తప్ప మిగిలేది లేదు.

వీడియో తీసేటప్పుడు ఆమె పెదవులు ఊరికే కదిపితే కుదరదు. స్పీకరులో పాట గట్టిగా పెట్టి, గొంతెత్తి పాడాలి. అప్పుడే మెడ, పొట్ట కదలిక నిజంగా కనిపిస్తుంది. నెమ్మదిగా కదిలే షాట్ కావాలంటే కెమెరా సెకనుకు 50 ఫ్రేములు తీసి 25గా చూపిస్తుంది. కాబట్టి షూటింగ్‌లో పాటను రెండింతల వేగంతో వినిపించాలి, ఆమె కూడా అంతే వేగంగా పెదవి కలపాలి. ఇది మరచిపోయినవాళ్ల వీడియోల్లో పెదవులు పాట వెనకాల పడి నడుస్తుంటాయి. ఇంకోటి, రామప్ప, వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. అక్కడ షూటింగుకు ముందే అనుమతి తీసుకుని ఫీజు కట్టాలి. లేదంటే కెమెరా విప్పకముందే వెనక్కి పంపిస్తారు. పాకాల, లక్నవరం చెరువుల వైపు పోతే గాలి హోరు గురించి భయం లేదు, శబ్దం ముందే రికార్డు అయి ఉంటుంది కదా.

బతుకమ్మ పాటను పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల నాటికి రెండు మూడు వారాల ముందే వదలాలి. ఆడబిడ్డలకు అడుగు, చప్పట్లు నేర్చుకునే టైము కావాలి. చివరి రోజైన సద్దుల నాడు వదిలితే వినేవాళ్లుండరు, అందరూ చెరువు దగ్గర ఉంటారు.

స్టేజీ మీద పాడడం మళ్లీ వేరే పని. మైనస్ ట్రాక్ అంటే గొంతు లేని ట్రాక్ పెట్టుకుని, ఆడుతూ పాడాలి. ఇంట్లో ఉన్నచోటే పరుగెత్తుతూ పల్లవి పాడి అలవాటు చేసుకోవాలి. మైకు మొహం స్పీకరు వైపు తిరిగితే కీచుమంటుంది. కార్డ్‌లెస్ మైకులో ప్రతి ప్రోగ్రామ్‌కూ కొత్త బ్యాటరీలు వేయాలి, పాతవి ఉన్నాయి కదా అనుకుంటే రెండో చరణంలో గొంతు పోతుంది.

ఇప్పుడు మీకు ఒక పని. ఈ రాత్రి సీరియల్‌ను ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. తర్వాత ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆ అక్క పాట వినండి. రెండు గొంతులూ ఒకటేనా? పాటలో ఊపిరి పీల్చిన చప్పుడు ఎక్కడెక్కడ వినిపించింది? ఏ మాట దగ్గర పొట్టి అక్షరాన్ని పొడుగు చేసింది? వీడియో కింద పాట రాసినవారి పేరు, డప్పు వాయించినవారి పేరు ఉన్నాయా? సీరియల్ చివర డబ్బింగ్ చెప్పినామె పేరు పడిందా? అన్నీ ఒక కాగితం మీద రాసి నాకు పంపండి.

మీ తాత