సంతకం దొరికింది, కారణం దొరకలేదు: స్కాట్లాండ్ ఫెర్రీల ఖర్చు వెనుక కథ

2017 నవంబర్ 21న స్కాట్లాండ్‌లోని పోర్ట్ గ్లాస్గోలో గ్లెన్ శానక్స్ అనే కొత్త ఫెర్రీని క్లైడ్ నదిలోకి దించారు. అప్పటి ఫస్ట్ మినిస్టర్ (అంటే స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత) నికోలా స్టర్జన్ ముఖ్య అతిథి. ఓడ ముందు భాగంలో అద్దాలు ఉండాల్సిన చోట ఇంకా అద్దాలు పెట్టలేదు. దూరం నుంచి కిటికీల్లా కనబడేలా నల్లరంగు వేశారు. అదే ఓడ ప్రయాణికులను ఎక్కించుకుని మొదటిసారి బయలుదేరింది 2025 జనవరిలో. నీళ్లలోకి దిగాక ఏడేళ్లకు పైగా పట్టింది.

ఈ మధ్యకాలంలో ఎడిన్‌బరోలోని స్కాటిష్ పార్లమెంటులో ఈ ఓడ గురించి అడిగిన ప్రశ్నలకు లెక్కలేదు. ఎంత ఖర్చయింది? ఎప్పుడొస్తుంది? మొదట్లో ఎవరు ఒప్పుకున్నారు? ఎందుకు ఒప్పుకున్నారు? మొదటి మూడింటికి ఏదో ఒక జవాబు వచ్చింది. నాలుగో దానికి ఇప్పటికీ రాలేదు. ఎందుకు రాలేదో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1999కి ముందు స్కాట్లాండ్‌లో రోడ్లు, ఆసుపత్రులు, బడులు, దీవులకు తిరిగే ఓడలు అన్నీ లండన్ ప్రభుత్వంలోని స్కాట్లాండ్ మంత్రి చేతిలో ఉండేవి. ఆయన్ని లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటులో నిలదీయడానికి స్కాట్లాండ్ ఎంపీలకు దొరికే ప్రత్యేక ప్రశ్నోత్తరాల సమయం సుమారుగా నెలకోసారి, అదీ గంటలోపే. ఒక దీవిలో ఫెర్రీ ఆగిపోతే ఆ మాట అక్కడ వినిపించడానికి వారాలు పట్టేది. సొంత పార్లమెంటు కోసం 1979లో రెఫరెండం పెట్టారు. ఓటేసినవాళ్లలో ఎక్కువమంది అవునన్నారు. కానీ మొత్తం ఓటర్లలో 40 శాతం మంది అవుననాలన్న షరతు దగ్గర అది ఆగిపోయింది. 1997 సెప్టెంబర్ 11న మళ్లీ అడిగితే 74.3 శాతం సరే అన్నారు. 1998లో చట్టం వచ్చింది. 1999 జులై 1 నుంచి 129 మంది సభ్యుల సభకు అధికారాలు బదిలీ అయ్యాయి. రవాణా అందులో ఒకటి.

ఆ సభను ఎలా నడపాలో ముందుగా ఆలోచించినవాళ్లు ఒక విషయం గట్టిగా పట్టుకున్నారు. ఇక్కడ ఎగువ సభ ఉండదు. కాబట్టి ప్రభుత్వాన్ని తరచి చూసే పని కమిటీలే చేయాలి. ప్రతి గురువారం మధ్యాహ్నం ఫస్ట్ మినిస్టర్‌ను నేరుగా ప్రశ్నించే సమయం ఉంటుంది. టీవీలో జనం చూసేది దాన్నే. అసలు పని మాత్రం కమిటీ గదుల్లో జరుగుతుంది. డబ్బు విషయానికి పబ్లిక్ ఆడిట్ కమిటీ ఉంది. ప్రభుత్వంలో ఉన్న పార్టీ సభ్యులు దానికి అధ్యక్షత వహించకూడదని సభ నిబంధనల్లోనే రాసుకున్నారు. మన దగ్గర పీఏసీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం సంప్రదాయంగా మాత్రమే ఉంది. 2024లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ పదవి మీద ఎంత గొడవ జరిగిందో చూశాక, అలా రాసి పెట్టుకోవడం ఎందుకు మంచిదో వేరే చెప్పక్కర్లేదు. ఆ కమిటీకి లెక్కలు తీసిచ్చేది ఆడిటర్ జనరల్. ఆ పదవి ప్రభుత్వం కిందిది కాదు.

కొత్త సభకు తొలి పాఠం సొంత భవనం దగ్గరే ఎదురైంది. 1997లో 4 కోట్ల పౌండ్ల లోపు అయిపోతుందని చెప్పిన హోలీరూడ్ భవనానికి చివరికి 41 కోట్ల 40 లక్షల పౌండ్లయింది. 2004లో వచ్చిన ఫ్రేజర్ విచారణ నివేదిక అది ఎలా పెరిగిందో వివరంగా చెప్పింది. అంచనాల గురించి, నిర్ణయాల గురించి ఆ రోజుల్లోనే అంత చర్చ జరిగింది కదా, పదేళ్ల తర్వాత ఫెర్రీల విషయంలో అదంతా గుర్తుండి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు.

ఇప్పుడు ఓడల సంగతి. స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని దీవులవాళ్లకు ఫెర్రీయే రోడ్డు. ఆసుపత్రికి వెళ్లాలన్నా, అంగడికి సరుకు రావాలన్నా, గొర్రెల్ని అమ్మకానికి తీసుకెళ్లాలన్నా అదే. ఈ ఓడలు నడిపే కాలెడోనియన్ మెక్‌బ్రేన్ సంస్థను అక్కడ అందరూ కాల్‌మాక్ అంటారు. ప్రభుత్వ సంస్థే. యూరోపియన్ యూనియన్ పోటీ నిబంధనల కారణంగా 2006లో దీన్ని రెండుగా విడగొట్టారు. ఓడలు, కొన్ని రేవులు సీమాల్ అనే ప్రభుత్వ కంపెనీ సొంతమయ్యాయి. నడిపేది కాల్‌మాక్. రెండింటికీ పైన డబ్బిచ్చేది ట్రాన్స్‌పోర్ట్ స్కాట్లాండ్ అనే ప్రభుత్వ విభాగం. దాని పైన మంత్రి. ఓడ పాడైతే ఎవరిని అడగాలో దీవులవాళ్లకు అర్థం కాని పరిస్థితి అప్పటినుంచే మొదలైంది. నడిపేవాళ్లు ఓడ పాతదంటారు, ఓడల సొంతదారులు డబ్బు లేదంటారు, డబ్బిచ్చేవాళ్లు అది నిర్వహణ సమస్య అంటారు. ఈ కథలో తర్వాత జరిగిన చాలా తప్పులకు మూలం ఈ మూడు ముక్కల ఏర్పాటులోనే ఉందని నాకనిపిస్తుంది.

2014 ఆగస్టులో పోర్ట్ గ్లాస్గోలోని ఫెర్గూసన్ యార్డు దివాలా తీసింది. దిగువ క్లైడ్‌లో మిగిలిన చివరి వాణిజ్య నౌకల యార్డు అదే. ఒకప్పుడు ప్రపంచానికి ఓడలు కట్టిచ్చిన నది అది. ఆ యార్డు మూతపడటం అంటే అక్కడివాళ్లకు ఒక ఫ్యాక్టరీ పోవడం మాత్రమే కాదు. స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా అన్న స్వాతంత్ర్య రెఫరెండం ఇంకా కొన్ని వారాల్లో ఉంది. అప్పటి ఫస్ట్ మినిస్టర్ అలెక్స్ శామండ్ ప్రభుత్వానికి ఆర్థిక సలహాదారుల్లో ఒకరైన జిమ్ మెకాల్ అనే వ్యాపారి ముందుకొచ్చి యార్డును కొన్నారు. జనం ఊపిరి పీల్చుకున్నారు.

ఏడాది తిరక్కముందే, 2015 ఆగస్టు 31న, సీమాల్ రెండు పెద్ద ఫెర్రీల టెండరులో ఫెర్గూసన్‌ను ఎంపిక చేసినట్టు స్టర్జన్ స్వయంగా ప్రకటించారు. విలువ 9 కోట్ల 70 లక్షల పౌండ్లు. మామూలు ఇంధనంతోనూ, ద్రవరూపంలోని సహజవాయువుతోనూ నడిచే ఓడలు. ఒకటి అర్రాన్ దీవికి, రెండోది హెబ్రిడీస్‌కు. కాంట్రాక్టు మీద సంతకాలు అక్టోబర్ 16న జరిగాయి.

ఆ ఆరు వారాల మధ్య జరిగిందే అసలు విషయం. ఓడలు కట్టించేవాళ్లు మామూలుగా యార్డు నుంచి రీఫండ్ గ్యారంటీ తీసుకుంటారు. పని మధ్యలో ఆగితే అప్పటిదాకా ఇచ్చిన డబ్బు బ్యాంకు తిరిగి ఇస్తుంది. ఫెర్గూసన్ పూర్తి గ్యారంటీ ఇవ్వలేనంది. సీమాల్ బోర్డు భయపడింది. ఇది చాలా ప్రమాదమని సెప్టెంబర్ చివర్లో ట్రాన్స్‌పోర్ట్ స్కాట్లాండ్‌కు రాతపూర్వకంగా చెప్పింది. అయినా మంత్రుల స్థాయిలో సరే అన్నారు. అక్టోబర్‌లో కాంట్రాక్టు ఖాయమైంది.

డబ్బు కట్టే పద్ధతి కూడా చూడాలి. మనూళ్లో ఇల్లు కట్టించేటప్పుడు పునాదికింత, స్లాబుకింత అని మేస్త్రీకి విడతలుగా ఇస్తాం కదా, ఇక్కడా అలాగే. కాకపోతే విడత ముట్టడానికి పని జరిగితే చాలు. అది సరిగ్గా జరిగిందా, ఒక వరుసలో జరిగిందా అన్నదానికీ డబ్బుకూ గట్టి ముడి లేదు. డిజైన్ పూర్తిగా తేలకముందే ఇనుము కోశారు. కొన్ని పనులు ముందువెనుకలుగా చేసి విడతలు అందుకున్నారని తర్వాత తేలింది. యార్డు ఏమో సీమాలే మాటిమాటికీ డిజైన్ మార్చిందంటుంది, సీమాల్ ఏమో యార్డుకు పని చేతకాలేదంటుంది. ఆ వాదన ఈనాటికీ తెగలేదు. 2017, 2018లో ప్రభుత్వం యార్డుకు మరో 4 కోట్ల 50 లక్షల పౌండ్లు అప్పుగా ఇచ్చింది. 2019 ఆగస్టులో యార్డు మళ్లీ దివాలా తీసింది. అప్పటికి కాంట్రాక్టు డబ్బులో 8 కోట్లకు పైగా వెళ్లిపోయింది, ఓడలు మాత్రం లేవు. డిసెంబర్‌లో ప్రభుత్వం యార్డును సొంతం చేసుకుంది.

సభ ఏం చేస్తోంది అప్పటిదాకా? గురువారాల్లో అడుగుతూనే ఉంది. కానీ కాంట్రాక్టు వివరాలు వ్యాపార రహస్యమన్న మాట చాలాసార్లు అడ్డొచ్చింది. గ్రామీణ ఆర్థిక వ్యవస్థ కమిటీ విచారణ జరిపి 2020 డిసెంబర్‌లో, ఇది ఘోరమైన వైఫల్యమని తేల్చింది. 2022 మార్చిలో ఆడిటర్ జనరల్ స్టీఫెన్ బోయిల్ నివేదిక వచ్చింది. ఖర్చు, ఆలస్యం లెక్కలు అందులో ఉన్నాయి. వాటికంటే నన్ను ఎక్కువ కలచినది వేరే ఒక మాట. ఇంత ప్రమాదాన్ని మంత్రులు ఎందుకు ఒప్పుకున్నారో వివరించే కాగితం ఏదీ దొరకలేదని ఆయన రాశారు. 9 కోట్ల 70 లక్షల పౌండ్ల నిర్ణయానికి కారణం ఎక్కడా రాసి లేదు.

సభలో దుమారం రేగింది. ప్రతిపక్ష నేతలు డగ్లస్ రాస్, అనస్ సార్వర్ ప్రతి వారం అదే ప్రశ్న తిప్పి తిప్పి అడిగారు. 2022 మే 11న ప్రభుత్వం ఒక ఈమెయిల్ దొరికిందని బయటపెట్టింది. 2015 అక్టోబర్ 9 నాటిది. అప్పటి రవాణా మంత్రి డెరెక్ మకాయ్ ఈ ప్రతిపాదనకు అంగీకరించారని, పని ముందుకు నడిపించమని అందులో ఉంది. ఎవరన్న ప్రశ్నకు జవాబు దొరికింది. ఎందుకు అన్నది ఆ మెయిల్లోనూ లేదు. ఆ సెప్టెంబర్‌లో మకాయ్ పబ్లిక్ ఆడిట్ కమిటీ ముందుకొచ్చారు. నవంబర్ 4న స్టర్జన్ కూడా వచ్చారు. పదవిలో ఉన్న ఫస్ట్ మినిస్టర్ ఒక కాంట్రాక్టు గురించి ఆడిట్ కమిటీ ముందు కూర్చోవడం అరుదైన సంగతి. 2023 మార్చిలో కమిటీ ఇచ్చిన నివేదిక దీవుల జనానికి, పన్ను కట్టేవాళ్లకు అన్యాయం జరిగిందని చెప్పింది. నిర్ణయాల రికార్డు సరిగా లేకపోవడాన్ని గట్టిగా తప్పుబట్టింది.

ఈ లోపల యార్డులో కొత్త సంగతులు బయటపడుతూనే ఉన్నాయి. పాత యాజమాన్యం కాలంలో వేసిన వందల కేబుళ్లు పొట్టిగా ఉండి చేరాల్సిన చోటికి చేరవని తెలిసింది. మేనేజర్లకు 87,000 పౌండ్ల బోనస్ ఇచ్చిన సంగతి ఆడిట్‌లో తేలింది. ప్రభుత్వ యార్డులో, ఓడ ఇంకా తయారవకముందు.

2023 మేలో మరో విషయం జరిగింది.  రెండో ఓడ గ్లెన్ రోజాను ఇక్కడే పూర్తి చేయడం కంటే వేరే చోట కొత్త ఓడ కట్టించుకుంటేనే చవక అని లెక్క తేలింది. డబ్బుకు తగిన విలువ రాదు కాబట్టి దీనికి తాను సంతకం పెట్టలేనని ఖర్చుకు జవాబుదారీ అయిన ప్రభుత్వ అధికారి చెప్పాలి, అది ఆయన చట్టబద్ధమైన బాధ్యత. అప్పుడు మంత్రి రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. మంత్రి నీల్ గ్రే అలాగే ఇచ్చారు. యార్డు మూతపడితే పోయే ఉద్యోగాలు, దీవులకు మరింత ఆలస్యం అని కారణాలు రాసి, సభకు చెప్పి ఇచ్చారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని ఎవరైనా వాదించవచ్చు. కానీ వాదించడానికి చేతిలో కాగితం ఉంది. 2015లో సరిగ్గా ఇదే లేదు.

అప్పటికే దీవుల్లో ఓపిక నశించింది. 2023 జూన్‌లో సౌత్ యుయిస్ట్ దీవిలోని లాక్‌బాయిస్డేల్ రేవుకు దాదాపు నెలంతా ఫెర్రీ రద్దు చేస్తే వందలాది మంది వాహనాలతో సహా రేవుకొచ్చి నిరసన తెలిపారు. అర్రాన్‌కు తిరిగే కాలెడోనియన్ ఐల్స్ 1993 నాటి ఓడ. 2024 మొదట్లో తుప్పు పట్టిందని పక్కన పెడితే నెలల తరబడి తిరిగి రాలేదు. ఓడల లోటు పూడ్చడానికి 2023లోనే ఒక ప్రైవేటు ఫెర్రీని నెలకు దాదాపు 10 లక్షల పౌండ్ల అద్దెకు తెచ్చారు. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ ఉన్న ముసలివాళ్లు రేపు ఓడ ఉంటుందో లేదో అన్న టెన్షన్‌తో ముందురోజే బయలుదేరి, అవతలి ఒడ్డున గది తీసుకోవాల్సి రావడం అక్కడ మామూలైపోయింది. సభలో సభ్యులు చదివి వినిపించిన ఉత్తరాల్లో ఎక్కువ ఇలాంటివే.

గ్లెన్ శానక్స్ 2025 జనవరిలో సర్వీసు మొదలుపెట్టినప్పుడు, అది బయలుదేరింది ఆర్డ్రాసన్ నుంచి కాదు. అర్రాన్‌కు తరతరాలుగా ఓడ వెళ్లేది అక్కడినుంచే, కానీ ఆ రేవు ఈ ఓడకు సరిపోదు. అందుకే ట్రూన్ నుంచి నడుపుతున్నారు. ప్రయాణ సమయం పెరిగింది. రేవు బాగుచేయడం ఎవరి బాధ్యత అన్నది మరో ప్రశ్నగా సభకు చేరింది. రెండో ఓడ గడువు 2025 మేలో మళ్లీ మారి 2026కు వెళ్లింది.

2025 మార్చిలో సీమాల్ మరో ఏడు చిన్న విద్యుత్ ఫెర్రీల టెండరులో పోలండ్‌లోని రెమొంటోవా యార్డును ఎంపిక చేసింది. ఫెర్గూసన్‌కు రాలేదు. ఈసారి సభలో ప్రశ్న తిరగబడింది. ప్రభుత్వమే నడిపే మన యార్డుకు ఎందుకివ్వలేదని అడిగారు. పదేళ్ల కింద గ్యారంటీ లేకుండా ఎందుకిచ్చారని అడిగిన సభే ఇది. పోర్ట్ గ్లాస్గోలో ఉద్యోగం చేసుకునే కుటుంబానికి కొత్త ప్రశ్న ముఖ్యం. అర్రాన్‌లో ఓడ కోసం ఎదురుచూసే కుటుంబానికి పాతదే ముఖ్యం. టెండరులో ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పమని మంత్రిని సభ్యులు అడిగారు. ఈసారి ఆ లెక్క రాసి ఉంది.