జంబో కేబినెట్ నుంచి సలహాదారుల దాకా: తొలి నియామకాల వెనుక కథ

కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన రోజు టీవీల్లో నడిచే చర్చ ఒకటే: ఏ జిల్లాకు ఎన్ని పదవులు, ఏ కులానికి ఎన్ని. ఆ లెక్క అవసరమే. కానీ పదవులు ఎన్ని ఉండాలన్న దానిపైనే మన రాష్ట్రంలో పెద్ద కథ నడిచింది. అది తెలిస్తే తొలి నెలల నియామకాలను చూసే చూపు మారుతుంది.

1980 అక్టోబర్‌లో చెన్నారెడ్డి స్థానంలో టి.అంజయ్య ముఖ్యమంత్రి అయ్యారు. ఆల్విన్ కంపెనీలో కార్మికుడిగా మొదలై, కార్మిక నాయకుడిగా ఎదిగిన మనిషి. ఆయన్ను ఎంపిక చేసింది ఢిల్లీలోని కాంగ్రెస్ అధిష్ఠానం. పార్టీలో ఎటు చూసినా వర్గాలే, అందరినీ మంచి చేసుకోవాలి. దాంతో మంత్రుల సంఖ్య 60 దాటింది. ‘జంబో కేబినెట్’ అన్న మాట ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటి మాట అయింది అప్పుడే. అంతమందికి పదవులిచ్చినా ఆయన కుర్చీ నిలవలేదు. 1982 ఫిబ్రవరిలో రాజీవ్ గాంధీకి స్వాగతం పలకడానికి అంజయ్య అనుచరులతో, పూలదండలతో బేగంపేట విమానాశ్రయానికి వెళ్లారు. ఆ హడావిడి చూసి రాజీవ్ అందరి ముందే ఆయనపై మండిపడ్డారు. అదే నెలలో అంజయ్య పదవి పోయింది. ఆ అవమానాన్ని తెలుగువాళ్ల ఆత్మగౌరవ సమస్యగా ఎన్టీఆర్ ఊరూరా చెప్పారు. 1983 జనవరిలో ఆయన గెలుపుకు అదొక ముఖ్య కారణం.

పదవుల పందేరం మన దగ్గరే ఆగలేదు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ ప్రభుత్వాన్ని నిలబెట్టుకోవడానికి ఏకంగా 93 మందిని మంత్రులను చేశారు. పార్టీ మారి వచ్చినవాళ్లకు మంత్రి పదవే బహుమతి అన్నది అందరూ చూస్తుండగానే జరిగింది. రాజ్యాంగ సమీక్షకు వేసిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ మంత్రుల సంఖ్య సభ బలంలో 10 శాతం దాటొద్దంది. పార్లమెంటు 15 శాతానికి ఒప్పుకుంది. 91వ సవరణగా 2004 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన పరిమితి అదే. 175 మంది ఎమ్మెల్యేలున్న ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26 మంది, 119 మంది ఉన్న తెలంగాణలో 18 మంది. చిన్న రాష్ట్రాల్లో సైతం మంత్రులు 12 మందికి తగ్గకూడదని కూడా అందులో ఉంది.

పరిమితి వచ్చింది కానీ ఆశావహులు తగ్గలేదు. దాంతో పక్కదారులు తెరుచుకున్నాయి. 2014 డిసెంబర్‌లో తెలంగాణలో ఆరుగురు ఎమ్మెల్యేలను పార్లమెంటరీ కార్యదర్శులను, అంటే మంత్రులకు సహాయకులను, చేశారు. మరుసటి ఏడాది హైకోర్టు ఆపేసింది. 2017లో అసోం కేసులో సుప్రీంకోర్టు, అలాంటి పదవులు సృష్టించే చట్టం చేసే అధికారమే శాసనసభకు లేదని తేల్చింది. ఇక ఉప ముఖ్యమంత్రులు. 2019 జూన్‌లో జగన్ ఒకేసారి ఐదుగురిని పెట్టారు. రాజ్యాంగంలో ఆ పదవి ప్రస్తావనే లేదు. దానికి అదనపు అధికారమేమీ ఉండదు కాబట్టి తప్పు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, కాపు వర్గాలకు తలా ఒకటి ఇవ్వడం గౌరవమే. అయితే ఆ హోదాతో పాటు నిర్ణయాధికారం ఎంత దక్కిందన్నదే అసలు చూడాల్సింది.

నింపకుండా వదిలేసిన కుర్చీలు కూడా చాలా చెబుతాయి. 2018 డిసెంబర్ 13న కేసీఆర్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడు ఆయనతో పాటు ప్రమాణం చేసింది ఒక్క మహమూద్ అలీయే. పూర్తి మెజారిటీ ఉన్నా రెండు నెలలకు పైగా రాష్ట్రాన్ని నడిపింది ఆ ఇద్దరే. కనీసం 12 మంది ఉండాలన్న నిబంధన కాగితం మీదే మిగిలింది. తెలంగాణ ఏర్పడ్డాక తొలి మహిళా మంత్రి రావడానికి 2019 సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. ఇది చిన్న లోపంగా కొట్టిపారేసేది కాదు. 2023 డిసెంబర్ 7న రేవంత్ రెడ్డి ప్రమాణం రోజునే ముఖ్యమంత్రి అధికార నివాసంగా ఉన్న ప్రగతి భవన్ ముందున్న ఇనుప కంచెలు తొలగించారు. జనం సంతోషించారు, ఆ సంతోషం న్యాయమైనదే. కానీ అదే రోజు ఖాళీగా ఉంచిన ఆరు మంత్రి పదవుల్లో మూడు భర్తీ కావడానికి 2025 జూన్ వచ్చింది. హోం, విద్య లాంటి శాఖలు ముఖ్యమంత్రి దగ్గరే ఉండిపోయాయి.

మంత్రుల సంఖ్యకు హద్దు ఉంది గానీ కేబినెట్ హోదా ఇచ్చే సలహాదారులకు రాజ్యాంగంలో ఏ హద్దూ లేదు. ఏ పార్టీ వచ్చినా ఈ దారి వాడుకుంటూనే ఉంది. మంత్రి అయితే సభలో లేచి జవాబు చెప్పాలి, సలహాదారుకు ఆ బాధ్యత లేదు. అందుకే కొత్త ప్రభుత్వం తొలి ఆరు నెలల్లో ఇచ్చే సలహాదారుల జీవోలను, వాటిలో రాసిన హోదా, జీతం, పదవీకాలంతో సహా, మంత్రుల జాబితాను చదివినంత శ్రద్ధగా చదవాలి.