ఆరుద్ర పురుగు ఇంటిపేరు

చిరంజీవులైన నా మనుమరాలికి, మనుమడికి తాతయ్య దీవెనలు.

మొన్న ఫోనులో చిట్టితల్లి అడిగిన ప్రశ్నకు తోచిన మాటేదో చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం. నేను పంపిన ఫోటోలో ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్ళు ఉన్నాయనీ, పురుగులకు ఆరు కాళ్ళే ఉంటాయని తన పుస్తకంలో ఉందనీ, అలాంటప్పుడు ఇది పురుగు ఎలా అవుతుందనీ, దీని అసలు పేరేమిటనీ తాను అడిగింది. ఎర్రగా ముద్దుగా ఉందని మెచ్చుకొని వదిలేయకుండా కాళ్ళు లెక్కపెట్టినందుకు నాకెంతో సంతోషం కలిగింది. ఈ జీవుల శాస్త్రం మొదలయ్యేది అక్కడే.

ఆరుద్ర కార్తె వచ్చిన మూడో రోజున మన చెలకలో మంచి వాన పడింది. తెల్లవారి వెళ్ళి చూస్తే తడిసిన ఎర్రమట్టి మీద అవి అక్కడక్కడా నడుస్తున్నాయి. ఒకదాని పక్కన గొంతుక్కూర్చొని చాలాసేపు చూశాను. చిన్న వేరుశనగ గింజంత ఒళ్ళు, ఒళ్ళంతా మఖమల్ గుడ్డలాంటి నూగు, వీపు మీద బొటనవేలితో నొక్కినట్టు చిన్న చిన్న గుంటలు. ముందు కాళ్ళ జతను నేల మీద ఆనించకుండా, చీకట్లో గోడ తడుముకునే మనిషిలాగా గాలిలో ఆడిస్తూ నడుస్తుంది. గడ్డిపరకతో తాకితే ఎనిమిది కాళ్ళూ ముడుచుకొని ఎర్రని గింజలా పడి ఉంటుంది. మా నాయనమ్మ దానికి సిగ్గెక్కువ అనేది.

ఇక ప్రశ్నకు వస్తాను. మన భాషలో పురుగు అన్న మాట చాలా పెద్ద గంప. బియ్యంలో ఉండేదీ పురుగే, సాలెపురుగూ పురుగే. ఎవరికైనా పురుగు ముట్టిందని పల్లెలో అంటే పాము కరిచిందని అర్థం. జీవులకు పద్ధతిగా పేర్లు పెట్టిన స్వీడన్ పండితుడు లిన్నేయస్ కూడా 1758లో సాలెపురుగులనూ, తేళ్ళనూ, మన ఆరుద్ర పురుగు వర్గాన్నీ రెక్కలు లేని కీటకాలన్న ఒకే గంపలో వేశాడు. 1801లో ఫ్రాన్సులో లామార్క్ అనే శాస్త్రవేత్త ఆ గంపను విప్పి, సాలెపురుగులనూ వాటి చుట్టాలనూ వేరు చేశాడు. వీటికి ఎనిమిది కాళ్ళుంటాయి, తల మీద మీసాలుండవు. అందువల్ల ఆరుద్ర పురుగు చీమకూ సీతాకోకచిలుకకూ చుట్టం కాదు. సాలెపురుగుకూ తేలుకూ చుట్టం. పశువుల ఒంటిని పట్టుకొని ఉండే గోమారి, మిరప తోటలో రైతులు తిట్టుకునే ఎర్రనల్లి, ఇవి దీనికి మరీ దగ్గరివాళ్ళు. ఈ ఉత్తరంలో నల్లి అన్నచోటల్లా ఇలాంటి ఎనిమిది కాళ్ళ నల్లి అనే అర్థం. మంచంలో కుట్టే నల్లికి మాత్రం ఆరు కాళ్ళే. పేరు కలిసినంత మాత్రాన బంధుత్వం కలవదు.

దాని అసలు పేరు అడిగావు కదా, తల్లీ. శాస్త్రవేత్తలు పేరు పెట్టే తీరు మన తీరే. మనకు ముందు ఇంటిపేరు, తరువాత పెట్టిన పేరు. వాళ్ళకూ అంతే. మన ఆరుద్ర పురుగు ఇంటిపేరు ట్రోంబిడియం, పెట్టిన పేరు గ్రాండిసిమం, అంటే మిక్కిలి పెద్దది అని. యూరప్‌లో దీని చెల్లెలి వరస పురుగు ఒకటి ఉంది. దానికి లిన్నేయస్ పెట్టిన పేరు ఆకారస్ హోలోసెరిసియస్. ఒళ్ళంతా పట్టే అని ఆ రెండో మాటకు అర్థం. ఆయన ఈ వర్గంలో తనకు తెలిసిన ముప్పై దాకా జాతులన్నింటికీ ఆకారస్ అనే ఒకే ఇంటిపేరు పెట్టాడు. 1775లో ఆయన శిష్యుడు ఫాబ్రిసియస్ ట్రోంబిడియం అనే కొత్త ఇల్లు కట్టగా ఆ చెల్లెలు అక్కడికి చేరింది. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్ల ఇంటిపేరు మారినట్టు దాని ఇంటిపేరు మారింది. పెట్టిన పేరు మాత్రం కొత్త ఇంటికి తగినట్టు చివరి అక్షరం మార్చుకొని, హోలోసెరిసియం అని నిలిచింది. పేరు పెట్టిన లిన్నేయస్‌ను మరచిపోకూడదని, ఇల్లు మారిన జీవి పేరు పక్కన ఆయన పేరును ఇప్పటికీ కుండలీకరణాల్లో రాస్తారు. మేనమామ పెట్టిన పేరని పెద్దయ్యాక కూడా చెప్పుకుంటామే, అలాగన్నమాట.

ఇంటిపేరు అన్నాక ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆరుద్ర పురుగు గుడ్డులోంచి వచ్చే పిల్లకు ఆరు కాళ్ళే ఉంటాయి! ఇసుక రేణువంత ఉండి, మిడత వంటి పురుగులను పట్టుకొని వాటి ఒంట్లోని రసం పీల్చుకొని, కడుపు నిండాక నేలలోకి దిగి, కొన్నాళ్ళు కదలకుండా ఉండి, ఎనిమిది కాళ్ళతో వేరే ఆకారంలో బయటికి వస్తుంది. తల్లికీ పిల్లకూ పోలికే ఉండదు. మిడత రెక్క కింద దొరికిన పిల్లకు ఒకరు ఒక పేరు, మట్టిలో దొరికిన తల్లికి ఇంకొకరు ఇంకో పేరు పెడితే ఏమవుతుంది? నన్ను అమ్మమ్మగారి ఊళ్ళో ఒక పేరుతో పిలిచేవారు, బడి రిజిస్టరులో మరో పేరు రాశారు. పదో తరగతి సర్టిఫికెటు వచ్చినప్పుడు ఆ ఇద్దరూ ఒకడేనని నిరూపించుకోవడానికి మా నాయన ఒక కార్యాలయం చుట్టూ నాలుగు నెలలు తిరిగాడు. ఈ జీవుల్లోనూ అదే చిక్కు. ఇప్పటికీ ఈ కుటుంబంలో ఎన్నో జాతులకు పిల్ల మాత్రమే తెలుసు, తల్లి తెలియదు. లేదా తల్లి తెలుసు, పిల్ల తెలియదు. గుడ్డు నుంచి పెంచి, పెరిగిందాకా కాపలా కాసి చూసినవాళ్ళే ఆ రెంటినీ ఒక ఇంటికి చేర్చగలరు. అలా చేర్చాక, రెండు పేర్లలో ముందు పెట్టిన పేరే నిలుస్తుందని నియమం.

పెంచడమంటే గుర్తొచ్చింది. నేను మీ అంత ఉన్నప్పుడు అగ్గిపెట్టెలో గడ్డి వేసి ఐదు ఆరుద్ర పురుగులను దాచుకున్నాను. మరునాడు సాయంత్రం తెరిస్తే నాలుగు ముడుచుకుపోయి ఉన్నాయి. వాటికి తడి కావాలని నాకు తెలియదు. సంవత్సరంలో చాలా భాగం అవి నేల కిందే ఉంటాయి. కాలిఫోర్నియా ఎడారిలోని వీటి దగ్గరి బంధువులు వాన వెలిసిన కొన్ని గంటలు మాత్రమే పైకి వచ్చి, ఉసిళ్ళను తిని, జత కూడి తిరిగి మట్టిలోకి వెళ్ళిపోతాయట. ఏడాదికి ఒకసారి వచ్చే ఆ కాసేపు వెలుగును నేను అగ్గిపెట్టెలో మూసేశాను. మీరు అలా చేయకండి. చూడండి, లెక్కపెట్టండి, ఉన్నచోటే వదిలేయండి.

చిట్టితల్లీ, మీ అన్న అడిగే ప్రశ్న కూడా నాకు తెలుసు: ఈ పేర్ల వల్ల ఉపయోగం ఏమిటని. 1924లో లండన్ మ్యూజియంలో పనిచేసే స్టాన్లీ హర్‌స్ట్ కోయంబత్తూరు కొబ్బరాకుల మీద దొరికిన ఒక ఎర్రని నల్లిని వర్ణించి, రావోయెల్లా ఇండికా అని పేరు పెట్టాడు. ఎనభై ఏళ్ళ తరువాత, 2004లో, సముద్రాల అవతల కరిబియన్ దీవి మార్టినిక్‌లో కొబ్బరాకులు పసుపు పచ్చబడ్డాయి. అది ఏ జీవి పనో, ఎక్కడి జీవో అక్కడివాళ్ళు పోల్చుకోగలిగింది హర్‌స్ట్ రాసిపెట్టిన ఆ పాత వర్ణన ఉండబట్టే. ఆ హర్‌స్టే 1923లో, స్కాట్లండులో రాయిగా మారిన దాదాపు నలభై కోట్ల సంవత్సరాల నాటి నల్లికి కూడా పేరు పెట్టాడు. నలభై కోట్ల ఏళ్ళు! అప్పటికి నేల మీద పువ్వన్నది లేదు, పక్షి లేదు. నల్లి ఉంది. ఈ మాట రాసి కాసేపు కలం పక్కన పెట్టాను.

అయితే కొత్త జీవిని కనిపెట్టేది పండితులే అనుకోకండి. 1687లో ఇటలీ వైద్యుడు బొనోమో, గజ్జికి కారణం చర్మంలో దూరే చిన్న జీవి, అంటే ఒక రకం నల్లి, అని తన గురువుకు ఉత్తరంలోనే రాశాడు. పేద తల్లులు గజ్జి పట్టిన పిల్లల ఒంటి నుంచి సూదిమొనతో ఆ జీవులను తీయడం గురించి కూడా ఆ ఉత్తరంలో ఉంది. మన మిరప రైతు కూడా ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు అనీ, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి అనీ భూతద్దం లేకుండానే చెబుతాడు. శాస్త్రవేత్త ఆ తరువాతి పని చేస్తాడు. నల్లిని గాజుపలక మీద పరచి, ఒంటి మీది వెంట్రుకలను సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, వాటి ఆకారం గీస్తాడు. ఆరుద్ర పురుగు జాతులను వేరు చేయడానికి ఆ మఖమల్ నూగే ముఖ్యమైన గుర్తు. ఇంత ఓపికతో ఇప్పటికి యాభై వేలకు పైగా నల్లి జాతులకు పేర్లు పెట్టారు. పేరు లేనివి లక్షల్లో ఉంటాయని వాళ్ళ అంచనా.

వాటిని వెతకడానికి అడవికి వెళ్ళనక్కరలేదు. ఇటలీ శాస్త్రవేత్త బెర్లేసే 1905లో చేసిన ఉపాయం మీ ఇంట్లోనే చేయవచ్చు. ఖాళీ నీళ్ళ సీసాను అడ్డంగా కోసి, మూతి భాగాన్ని తలకిందులుగా గరాటులా పెట్టండి. అందులో దోమతెర ముక్క పరచి, చెట్టు కింద మగ్గిన తడి ఆకులను రెండు గుప్పిళ్ళు వేయండి. కింద తెల్లని గిన్నెలో కొంచెం నీళ్ళు పోయండి. పైన పాతకాలపు పసుపు బల్బు వేలాడదీసి, మీ నాన్నను దగ్గరుంచుకొని వెలిగించండి. ఎల్‌ఈడీ బల్బుకు ఆ వేడి చాలదు. పై నుంచి ఆకులు ఎండుతూ ఉంటే లోపలి జీవులు తడి కోసం కిందికి దిగి, ఒక్కొక్కటే గిన్నెలో పడతాయి.

మరునాడు ఉదయం గిన్నెను కిటికీ దగ్గరికి తెచ్చి, నేను కిందటి సంక్రాంతికి ఇచ్చిన భూతద్దంతో చూడండి. నీటి మీద గోధుమ రంగు చుక్కలు కదులుతుంటాయి. ఎన్నింటికి ఆరు కాళ్ళు, ఎన్నింటికి ఎనిమిది అని వేరు వేరుగా రాసి నాకు పంపండి. కార్తె ఇంకా కొన్ని రోజులుంది.

మీ తాతయ్య