జానపదమే కదా, ఎవరిదీ కాదు కదా: బ్యాండ్ పిల్లలను ముంచుతున్న అపోహ

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర దగ్గరపడిందంటే నా ఫోన్‌కు ఒకే రకం మెసేజ్‌లు. "అన్నా, జాతర పాట పెట్టినాం, యూట్యూబ్‌లో క్లెయిమ్ వచ్చింది. జానపదమే కదా, ఎట్లా వస్తుంది?" చానల్ పోతుందేమోనని పాపం టెన్షన్‌తో నిద్ర కూడా పోరు. ముందు ఊపిరి పీల్చుకోండి. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ అంటే మీ వీడియోలో ఉన్నది "మాది" అని హక్కుదారు చెప్పుకోవడం. స్ట్రైక్ అంటే వీడియో తీసేయించి చానల్ మీద వేసే హెచ్చరిక. ఒక్క క్లెయిమ్‌తో చానల్ పోదు. నా కోపమంతా "జానపదానికి హక్కులుండవు, ఏదైనా వాడుకో" అని తేలిగ్గా చెప్పేసే వాళ్ల మీదే.

అపోహ: జానపదం ఎవరి సొత్తూ కాదు.

పాట వేరు, రికార్డింగ్ వేరు. తరతరాలుగా వస్తున్న పాటను ఎవరైనా పాడుకోవచ్చు. దాన్ని ఒకరు రికార్డు చేసి విడుదల చేస్తే, ఆ రికార్డింగ్ మీద 60 ఏళ్లు హక్కు ఉంటుంది. మా బ్యాండ్ అంతా ఒక్క అన్న చుట్టూ తిరుగుతుంది. వేణువు, మాండలిన్, డప్పు, పంబ అన్నీ ఆయనే వాయిస్తాడు. జాతర పాటలో పల్లవి ఊరిది. దానికి ముందొచ్చే మాండలిన్ ముక్క మాత్రం ఆయన సొంతంగా కట్టింది. మా ట్రాక్ కోసి వాడుకుంటే క్లెయిమ్ వస్తుంది. అదే పాట మీ అవ్వ దగ్గర నేర్చుకుని మీరే వాయించి పాడితే ఆపడానికి మేమెవరం? అప్పుడూ క్లెయిమ్ వస్తే ధైర్యంగా డిస్‌ప్యూట్ చేయండి, అంటే అది తప్పని యూట్యూబ్‌కు అభ్యంతరం పెట్టండి.

తిరుపతిలో ఉండి అన్నమయ్య సంగతి చెప్పకపోతే ఎలా? సాహిత్యం 15వ శతాబ్దానిది, అందరిదీ. కానీ రాగిరేకుల మీద రాగం పేరే ఉంది, స్వరం లేదు. మనం పాడుకునే బాణీలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు 20వ శతాబ్దంలో కట్టినవి. బాణీ కట్టినవారు పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. నేదునూరి గారు కాలం చేసింది 2014లో. లెక్క మీరే వేసుకోండి.

అన్నిటికంటే బాధపెట్టేది ఇంకొకటి. పుత్తూరు వైపు ఒక పల్లెలో కోలాటం పాటలు పాడే అవ్వ ఉంది. ఎవరో వచ్చి ఫోన్‌లో రికార్డు చేసుకుపోయి, బీట్ కలిపి వదిలారు. మనవడు వినిపిస్తే చివరిదాకా విని, "గొంతు నాదే కదా నాయనా, పేరేదీ?" అంది. పాడిన మనిషికి చట్టంలో 50 ఏళ్ల హక్కుంది. రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. మేమైతే రికార్డు చేసే ముందే పేరు, ఊరు, ఇచ్చే డబ్బు కాగితం మీద రాసి, చదివి వినిపించి సంతకం తీసుకుంటాం. ఒక్క పేజీ చాలు.

మిగతావి గబగబా.

"అన్నీ ఒక్కడే వాయిస్తాడుగా, ఐదుగురికి డబ్బులెందుకు?" స్టూడియోలో ఒకదాని మీద ఒకటి వాయించి కలుపుతాడు. స్టేజీ మీద ఆయనకున్నవి రెండు చేతులే.

"ఒక్క వేణువు కొంటే చాలదా?" చాలదు. శ్రుతి మారితే వేణువు మారాలి. అందుకే అన్న భుజాన ఎప్పుడూ వేణువుల సంచి.

"డప్పుకు శ్రుతేంటి?" ఉంటుంది. మంచు పడితే చర్మం వదులై శబ్దం బొద్దుగా వస్తుంది, మంట దగ్గర కాస్తే బిగుస్తుంది. కమిటీ వాళ్లు లైట్లకు ఎంత ఖర్చు పెట్టినా సరే, స్టేజీ వెనక నాలుగు కట్టెలు వెలిగించుకునే చోటు మాత్రం ముందే చూపించండి.