బల్ల మీద పెట్ట, ఎదుట శిక్షకుడు

బల్ల మీద ఒక పెట్ట. దాని ముందు రెండు గుండ్రటి అట్టముక్కలు, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. ఎదుట నిలబడ్డ మనిషి కుడిచేతిలో నొక్కితే టిక్కుమనే క్లిక్కర్, ఎడమచేతిలో దాణా గిన్నె. పెట్ట ఎర్రదాన్ని ముక్కుతో పొడిస్తే టిక్కు, వెంటనే నాలుగు గింజలు. నీలిదాన్ని పొడిస్తే ఏమీ రాదు. ఆ మనిషి వృత్తి కుక్కలకు శిక్షణ ఇవ్వడం. అయినా అతని బొటనవేలు అరక్షణం ఆలస్యంగా కదులుతుంది. పెట్ట పొడిచి, తల ఎత్తి, పక్కకు చూసే సమయానికి టిక్కు వినిపిస్తుంది. కాసేపటికి పెట్ట అట్టలను వదిలేసి, తల ఎత్తి పక్కకు చూస్తూ నిలబడుతుంది. "దీనికి బుర్ర లేదు" అంటాడు శిక్షకుడు. అది మాత్రం అతను నేర్పిందే తు.చ. తప్పకుండా నేర్చుకుంది.

కోళ్లకు విధేయత నేర్పడం అంటే పనిలేనివారి కాలక్షేపంలా వినిపిస్తుంది. దాని వెనుక ఒక ప్రపంచయుద్ధం, ఒక దాణా వ్యాపారం, గురుశిష్యుల మధ్య ఒక పేచీ ఉన్నాయి.

ముందు ఆ మాట సంగతి. విధేయత అన్నది కుక్కల లోకం నుంచి వచ్చిన మాట. జర్మనీలో పోలీసు కుక్కలను తయారుచేసిన కొన్రాడ్ మోస్ట్ 1910లో అచ్చువేసిన శిక్షణ పద్ధతిలో మెడపట్టీ గుంజడం, దండించడం ముఖ్యమైన పనిముట్లు. అమెరికన్ కెనెల్ క్లబ్ 1936లో విధేయత పోటీలకు నియమాలు పెట్టింది: పక్కనే నడవాలి, కూర్చోవాలి, కదలకుండా ఉండాలి, పిలిస్తే రావాలి. యజమాని ఆజ్ఞ, జంతువు పాటింపు. ఈ బేరం కోడి దగ్గర కుదరదు. గుంజితే బెదిరిపోతుంది, అరిస్తే బల్ల మీంచి ఎగిరిపోతుంది. 'శభాష్' అని వీపు తట్టినా దానికి ఒరిగేదేమీ లేదు. మన మెప్పు కోసం ఏ పనీ చేయని జంతువు కనుకనే దానికి నేర్పడానికి వేరే దారి వెతకాల్సి వచ్చింది.

ఆ వెతుకులాట కోడిపిల్లలతోనే మొదలైందని చెప్పవచ్చు. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అమెరికాలోని హార్వర్డ్‌ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో అద్దెగదిలో కోడిపిల్లలను పెంచి, పుస్తకాలు నిలబెట్టి గోడలుగా చేసి, వాటి మధ్య దారి ఎలా కనుక్కుంటాయో చూసేవాడు. ఇంటావిడ ఒప్పుకోలేదు. చివరికి ఆయన గురువు, తత్త్వవేత్త విలియం జేమ్స్ తన ఇంటి నేలమాళిగలో ఆ పిల్లలకు చోటిచ్చాడు. 1898లో థార్న్‌డైక్ ప్రకటించిన పరిశోధనలో పిల్లులు, కుక్కలతో పాటు ఈ కోడిపిల్లలూ ఉన్నాయి. జంతువు ఆలోచించి చిక్కుముడి విప్పడం లేదు, ఫలితం ఇచ్చిన పని మిగిలి, ఇవ్వనిది రాలిపోతోంది అన్నది ఆయన తేల్చిన విషయం.

అసలు మలుపు 1943లో, అమెరికాలోని మినియాపోలిస్‌ నగరంలో ఒక పిండిమిల్లు పై అంతస్తులో వచ్చింది. బాంబులను లక్ష్యం వైపు నడిపించేలా పావురాలను తయారుచేసే యుద్ధకాలపు పథకం మీద మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ బృందం అక్కడ పనిచేస్తోంది. అధికారుల నిర్ణయాల కోసం ఎదురుచూసే ఖాళీ రోజుల్లో ఒకనాడు, పావురానికి చెక్కబంతిని ముక్కుతో కొట్టడం నేర్పుదామనుకున్నారు. పక్షి బంతిని కొట్టగానే గింజ పడేలా మీట పట్టుకుని కూర్చున్నారు. పక్షి కొట్టలేదు. ఎంతకీ కొట్టలేదు. విసిగి, బంతి వైపు చూసినా చాలు గింజ ఇద్దామనుకున్నారు. తర్వాత దగ్గరికి వస్తే గింజ, తర్వాత ముక్కు తగిలితే గింజ. నిమిషాల్లో బంతి పెట్టె గోడలకు కొట్టుకుంటూ దొర్లింది. పూర్తి పని కోసం కాచుకుని కూర్చోకుండా, దాని తొలి ఛాయకే బహుమానమిచ్చి మెట్టు మెట్టుగా మలచడం అన్న చేతిపని ఆ రోజు వారి కళ్ల ముందు రూపుకట్టింది. ఈ పథకం యుద్ధంలో ఏ బాంబునూ నడిపించలేదు. అక్కడ దొరికిన కిటుకు మాత్రం నిలిచింది.

ఆ బృందంలోని దంపతులు కెల్లర్ బ్రెలాండ్, మరియన్ బ్రెలాండ్ దీనితో బతకవచ్చని గ్రహించారు. విశ్వవిద్యాలయపు చదువు మధ్యలో వదిలేసి 1947లో మిన్నెసోటాలో ఆనిమల్ బిహేవియర్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థ పెట్టారు. తొలి ఖాతాదారు జనరల్ మిల్స్. ఆ కంపెనీ అమ్మే దాణాకు ప్రచారంగా సంతల్లో కోళ్ల ప్రదర్శన కావాలి. ఒక పెట్ట చిన్న పియానో మీద ఐదు స్వరాలు వాయించింది. మరొకటి దుస్తులు, బూట్లు తొడుక్కుని నాట్యమాడింది. మూడోది చెక్కగుడ్లు 'పెట్టింది'. జనంలోంచి ఎవరైనా ఎనిమిది లోపు ఏ అంకె చెబితే అన్ని గుడ్లు వరుసగా దొర్లుకుంటూ బుట్టలో పడేవి. కోడి లెక్క పెడుతోందని చూసినవారు మురిసిపోయి ఉంటారు. ఏ పనికైనా కిటుకు ఒక్కటే: సరైన కదలికకు, సరైన క్షణంలో, ఒక గింజ.

తర్వాత వారు అర్కాన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్‌కు మారి, 1955లో అక్కడే ఐ.క్యూ. జూ అనే శిక్షిత జంతువుల ప్రదర్శనశాల తెరిచారు. నాణెం వేస్తే మనుషులతో టిక్-టాక్-టో (తొమ్మిది గళ్లలో మూడు గుర్తులు వరుసగా పెట్టే ఆట) ఆడే కోడి వీరి తయారీలలో ఒకటి. ఎత్తులు వేసేది యంత్రం, ఆటగాడికి కనిపించని సంకేతాన్ని చూసి పొడిచేది కోడి. మనుషులు ఓడిపోయి వెళ్లేవారు. ఆట బానే ఉంది కానీ, జనం చప్పట్లు ఎవరికి పడాలో తెలియక కోడికి కొట్టేవారు.

పేచీ వచ్చింది ఇక్కడే. ఒక ప్రదర్శన కోసం కోళ్లు చిన్న వేదిక మీద 12 నుంచి 15 సెకన్లు ఊరికే నిలబడాలి. అంతకంటే తేలిక పని ఏముంటుంది? సగానికి పైగా కోళ్లు నిలబడలేదు. కాళ్లతో నేలను గీకడం మొదలుపెట్టాయి. గింజ కోసం ఎదురుచూసే సమయం పెంచేకొద్దీ గీకడం ముదిరింది. గీకినందుకు ఎవరూ గింజ ఇవ్వలేదు. మట్టిలో తిండి వెతుక్కునే జాతి కనుక, తిండి వస్తుందని తెలిశాక కాళ్లు వాటంతటవే కదిలాయి. బ్రెలాండ్ దంపతులు తెలివిగా ఆ గీకుడినే నాట్యంగా ప్రకటించారు. కోడి రబ్బరు వలయం లాగి పాట మొదలుపెడుతుంది, గుండ్రటి పలక మీదికెక్కి సెకనుకు రెండుసార్లు చొప్పున గీకుతుంది, చూసేవారికి అది నృత్యం. ఇదంతా 1961లో ఒక వ్యాసంగా రాశారు. స్కిన్నర్ 1938 నాటి పుస్తకం పేరు 'జీవుల ప్రవర్తన' అని అర్థమిచ్చేది. శిష్యులు తమ వ్యాసానికి 'జీవుల దుష్ప్రవర్తన' అని పేరు పెట్టారు. ఏ జీవికైనా ఏదైనా నేర్పవచ్చన్న నమ్మకానికి ఆ కోడికాళ్లు పెట్టిన గీతలవి. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో నిజాయతీ గల పేజీలు అవే. వ్యాపారం చేసుకుంటూ, తమ సరుకు ఎక్కడ చెడుతుందో తామే బయటపెట్టడం ఎంతమంది చేస్తారు?

కెల్లర్ 1965లో చనిపోయాడు. అమెరికా నౌకాదళంలో సముద్రజీవుల శిక్షణ చూసిన బాబ్ బెయిలీ అదే ఏడాది సంస్థలో చేరి, 1976లో మరియన్‌ను పెళ్లి చేసుకున్నాడు. సంస్థ 1990లో మూతపడింది. ఈలోగా టిక్కుమనే శబ్దంతో నేర్పే పద్ధతి కుక్కల శిక్షకుల్లోకి పాకింది. చేతికి గొలుసు అలవాటైనవారికి వేలికి సమయం అలవాటు కావాలి. బెయిలీ దంపతులు వారి కోసం కోళ్ల బడి నడిపారు. కోడి ఎందుకంటే, అది కుక్క కంటే చురుకుగా కదులుతుంది, కాబట్టి శిక్షకుడి ఆలస్యం దాగదు. పైగా కుక్కలాగా మన ముఖం చదివి, మన తప్పును సర్దుకుని, మనం చెప్పదలచుకున్నది ఊహించి చేసిపెట్టదు. చవకగా దొరుకుతుంది, గింజ వెంట గింజ తింటుంది. ఒక్కో విడత నిమిషమో అంతకంటే తక్కువో. ఒకరు నేర్పుతుంటే మరొకరు పక్కన నిలబడి సరైన టిక్కులెన్నో లెక్క రాస్తారు.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి తరగతి ముందూ తరువాతా విద్యార్థుల అభిప్రాయాలు అడిగి 2015లో ప్రచురించారు. కోళ్లు తాము అనుకున్నదానికంటే తెలివైనవని, ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఉందని ఒప్పుకున్నవారు తరగతి తర్వాత పెరిగారు.

ఇప్పుడు పెరటి కోళ్లకు పిలిస్తే రావడం, కర్ర కొస వెంట నడవడం, చాప మీద నిలబడడం నేర్పేవారున్నారు. మొదటి రెండూ సులువుగా వస్తాయి. మూడోది, అంటే కుక్కల పోటీలో 'కదలకుండా ఉండు' అనేది, ఇప్పటికీ కొరకరాని కొయ్యే. పది సెకన్లు నిలబడితేనే గింజ అని పట్టుబడితే ఆ పాత గీకుడు మొదలవుతుంది. తెలిసినవారు కాళ్ల వైపే చూస్తారు. మొదటి వేలు చాపను పట్టకముందే, రెండు మూడు సెకన్లకే, టిక్కుమనిపించి గింజ వేస్తారు. గింజ చాప మీద కాకుండా గిన్నెలోనే ఇస్తారు. నేల మీద పడిన గింజ కనిపిస్తే ఇక ఆ పూటకు ఆ కాళ్లు ఆగవు.