బండి ఎముకలో ఉప్పు

స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది. నేను గట్టిగా పొడవనైనా లేదు. ఇంజిన్ కింద నుంచి పోయే ఫ్రేమ్ గొట్టం మీద పెయింటు ఒకచోట ఉబ్బినట్టు కనిపిస్తే, గోకి చూద్దామని మొన ఆనించానంతే. అప్పడంలా విరిగి, లోపలి నుంచి గుప్పెడు ఎర్రటి పొడి నేల మీద రాలింది. మా వీధి చివర మెకానిక్ షెడ్డు నడిపే పెద్దాయన్ని మేమంతా బాబాయ్ అంటాం. ఆయన వంగి చూసి, "ఇది చాసీ కాదు బాబూ, జల్లెడ. ఇంజిన్ సంగతి తర్వాత, ముందు దీన్ని మార్చాలి" అన్నాడు.

నాన్న 1994లో కొన్న వంద సీసీ బండి అది. విశాఖ పెదవాల్తేరులో మా మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు ఆ గాలిలోనే ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను మా రేకుల షెడ్డును ఎగరేసుకుపోయాక, కొన్నాళ్లు ఆరుబయటే నానింది కూడా. మూడుసార్లు పెయింటు వేయించాం కాబట్టి పైకి పెళ్లికొడుకులా మెరిసిపోయేది. తుప్పు పట్టింది లోపల.

సముద్రపు నీటిలో ఉప్పు దాదాపు 3.5 శాతం. అల విరిగినప్పుడు నురగలోని బుడగలు పగిలి కంటికి ఆనని తుంపర్లు గాలిలో కలుస్తాయి. నీరు ఆరిపోయినా ఉప్పు మిగులుతుంది. ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఓ గంట కూర్చుని వచ్చి కళ్లజోడు తుడిస్తే తెలిసే జిడ్డులో అది ఉంటుంది. తీరం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ గాలిలో ఈ ఉప్పు గబగబా తగ్గిపోతుంది. తీరానికి దూరంగా ఉన్న పెందుర్తిలో మా మామయ్య బండి కూడా ఇంచుమించు ఇదే వయసుది, దాని ఫ్రేమ్ ఇంకా గట్టిగానే ఉంది.

వానాకాలంలో వంటింట్లో ఉప్పుడబ్బా చెమ్మగిల్లడం అందరూ చూసిందే. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి అంత తేమ కూడా అక్కర్లేదు. విశాఖ గాలిలో తేమకు కరువా? వాన పడకపోయినా, బండి కడగకపోయినా, ఉప్పు పట్టిన ఇనుము మీద కనపడని ఉప్పునీటి పొర ఉంటూనే ఉంటుంది. గొట్టం లోపల పరిస్థితి ఇంకా అన్యాయం. రాత్రి చల్లబడినప్పుడు తేమగాలి సందుల్లోంచి లోపలికి వెళ్లి నీరవుతుంది, ఆ నీరు అడుగు వంపులోకి జారి అక్కడే ఉండిపోతుంది. ఎండా తగలదు, గుడ్డా తగలదు.

కేంబ్రిడ్జిలో యులిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త గత శతాబ్దంలో ఒక ఉప్పునీటి బొట్టుతో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తొస్తుంది. బాగా రుద్దిన ఇనుప రేకు మీద ఒక బొట్టు వేసి వదిలేస్తే చాలు, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. బొట్టు అంచులకు గాలిలోని ఆక్సిజన్ బాగా అందుతుంది, నడిమికి తక్కువ. తినేయబడేది అంచు అనుకుంటాం, కానీ గుంట పడేది నడుమ. అక్కడ ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహంలోంచే అంచుకు వెళ్లి అక్కడి ఆక్సిజన్‌కు చేరతాయి. తుప్పు ఈ రెండిటి మధ్య ఉంగరంలా పేరుకుంటుంది. ఉప్పు లేని నీటిలో ఈ చిన్న కరెంటు నీరసంగా నడుస్తుంది, ఉప్పు కలిస్తే దారి సాఫీ. అంటే గాలి ఆడని చోటే ఇనుముకు ఎక్కువ ప్రమాదం. మా ఫ్రేమ్‌కు చిల్లు పడిన చోట సరిగ్గా సైడ్ స్టాండ్ పట్టీ వెనక ముప్పై ఏళ్ల బురద గట్టిపడి ఉంది.

అసలు గొట్టమే ఎందుకు, గట్టి కడ్డీ వాడొచ్చు కదా? 28 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టం తీసుకుందాం. అందులో ఉన్న ఇనుమంతా కరిగించి అదే పొడవు కడ్డీ పోస్తే దాని వెడల్పు 14.4 మిల్లీమీటర్లు వస్తుంది. బరువు ఒకటే. కానీ వంగకుండా నిలబడటంలో గొట్టం ఆ కడ్డీకి ఆరున్నర రెట్లు గట్టిది. నడిమి గీతకు ఎంత దూరంగా ఉంటే ఇనుము అంత గట్టిగా వంపును అడ్డుకుంటుంది. వెదురుకు ఈ లెక్క ముందే తెలుసు. ఇప్పుడు లోపలి నుంచి తుప్పు 1 మిల్లీమీటరు తినేసిందనుకోండి. పైకి గొట్టం వెడల్పు అదే 28, మెరుపు అదే, కానీ బిగువు దాదాపు 44 శాతం పోయింది. ఏ బోలుతనం దానికి బలమిచ్చిందో ఆ బోలులోనే తుప్పు కాపురం పెట్టింది.

చిల్లు మీద రేకు ముక్క వెల్డింగ్ చేస్తే సరిపోదా అని నేనూ అడిగాను. పలచబడ్డ గొట్టం మీద మందపు రేకు అతికితే, అతుకు అంచున ఒత్తిడంతా పోగవుతుంది. పైగా గుంతల రోడ్డు మీద ఫ్రేమ్ రోజుకు వేలసార్లు కొద్దికొద్దిగా వంగి లేస్తుంది. జర్మనీలో ఆగస్ట్ వోలర్ 19వ శతాబ్దం మధ్యలో రైలు ఇరుసుల మీద తేల్చిన విషయం ఇదే: ఒక్కసారి మోస్తే ఏమీ కాని బరువే లక్షలసార్లు వచ్చిపోతే ఇనుమును విరిచేస్తుంది. పొడిగాలిలోనైతే ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు లోపు ఎన్నిసార్లు వంచినా అలిసిపోదు. ఉప్పునీటిలో ఆ హద్దు కూడా ఉండదు.

గాజువాక ఆటోనగర్‌లో నాలుగు పాత ఫ్రేములు చూశాం. బాబాయ్ జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి గొట్టాల వెంబడి జరిపాడు. లప్పం పెట్టి పెయింటు కొట్టిన చోట అది పట్టు వదిలేస్తుంది. పానాతో తట్టి కూడా విన్నాడు. బాగున్న గొట్టం ఖంగుమంటుంది, తిన్నది టక్కుమంటుంది. నచ్చిన ఫ్రేమ్ ఖరీదు కన్నా దాని కాగితాల గురించే నాకు ఎక్కువ టెన్షన్. ఫ్రేమ్ మీద కొట్టిన చాసీ నంబరే చట్టం దృష్టిలో బండి గుర్తింపు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు పొంతన లేకుండా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. కాబట్టి ముందు ఆర్టీఓ ఆఫీసు, తర్వాతే పానా. పాత నంబరు కొత్త ఫ్రేమ్ మీద కొట్టించే సలహా ఎవరైనా ఇస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి.

విప్పడంలో ఒక ఇంజిన్ ఫౌండేషన్ బోల్టు రెండు రోజులు ఏడిపించింది. ఇంజిన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే ఈసారి కరిగేది అల్యూమినియం. అలా పుట్టిన తెల్లటి పొడి బోల్టును సిమెంటులా పట్టేసింది. సుత్తితో కొడితే కేసు పగులుతుంది. బాబాయ్ బ్లో లాంప్ తెచ్చి చుట్టూ వేడి చేశాడు. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. 10 మిల్లీమీటర్ల రంధ్రం 100 డిగ్రీలు వేడెక్కితే బోల్టు కన్నా సుమారు 0.01 మిల్లీమీటరు ఎక్కువ తెరుచుకుంటుంది. తల వెంట్రుక మందం కూడా ఉండదు, బోల్టు మాత్రం కదిలింది.

కొత్త ఫ్రేమ్ వంకర లేదని తేల్చడానికి పురికొస చాలు. వెనక టైరుకు రెండు పక్కలా దారం ఆనించి ముందు దాకా లాగాం. ముందు టైరుకు రెండు వైపులా సందు సమానంగా వచ్చింది. మెడ దగ్గర కోణం ఇంకా సున్నితం. హ్యాండిల్ తిరిగే ఇరుసును నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు పడాలి. ఆ దూరమే ట్రెయిల్. స్ట్రెచర్ చిన్నచక్రం తోసిన దిక్కుకు తనే తిరిగి వెనక నడిచినట్టు, ముందు చక్రం కూడా ఇరుసు వెనక నడుస్తుంది. అందుకే బండి తిన్నగా పోతుంది. చక్రం వ్యాసార్ధం 300 మిల్లీమీటర్లు, కోణం 26 డిగ్రీలు అనుకుంటే, ఒక్క డిగ్రీ తేడాకు ట్రెయిల్ 6 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. ఎప్పుడో గుద్దుకున్న బండి ఫ్రేమ్ ఇక్కడే దొరికిపోతుంది.

పౌడర్ కోటింగ్, అంటే పొడిరంగు చల్లి వేడితో పట్టించే పూత, బయట వేయించాం. కానీ ఆ పొడి గొట్టం లోపలికి పోదు. పూర్వం ఉక్కు గొట్టాలతో కట్టిన చిన్న విమానాల్లో అవిసె నూనె పోసి అటూఇటూ తిప్పేవాళ్లు. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని పలచటి పొరగా గట్టిపడుతుంది. మేమూ అదే చేశాం. నేనూ బాబాయ్ చెరోవైపు పట్టుకుని ఫ్రేమ్‌ను పెరట్లో బొంగరంలా తిప్పాం. తుడిచిన గుడ్డల్ని మాత్రం ముద్దగా పడేయకండి. నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతటవే అంటుకుంటాయి. మేం నీళ్ల బకెట్లో వేసి ఉంచాం.

ఫ్రేమ్ అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉన్నాయి. మునుపటి ఫ్రేమ్‌కు ఉన్నవాటిని, నీళ్లు లోపలికి పోకూడదని, నాన్నే ఎంసీల్ పెట్టి మూసేశారట. ఈసారి తెరిచే ఉంచాం. మధ్యాహ్నం ఎండకు వాటిలోంచి ఇంకా ఒకటీ అరా నూనె చుక్క కారుతోంది. గచ్చు మీద ఆ మరకలు చూసి అమ్మ రోజూ తిడుతోంది.